అటక మీది తుపాకి

(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బందరు కలెక్టరాఫీసులో ఆయుధాల లైసెన్సుల ఫైళ్ళు చూసిన గుమాస్తాను. అందుచేత పెన్షను మాట కాక తుపాకి మాట చెబుతాను. మన సభ్యుడొకాయన కాలం చేశాక ఆయన సతీమణి కబురు పెట్టారు. "అన్నయ్యగారూ, అటక మీద మా మామగారి తుపాకి దొరికింది. అబ్బాయి చేలోకి తీసుకెళ్ళి పేల్చి చూస్తానంటున్నాడు" అన్నారు. ఆ అబ్బాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మొదటిది, పొలం వారసత్వంగా వచ్చినట్టు తుపాకి రాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. ఆయన పోతే ఆ లైసెన్సూ పోయినట్టే. తుపాకిని జాప్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సున్న డీలరు వద్ద గానీ జమచేసి రసీదు తీసుకోవాలి. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత మామూలు తుపాకికే కనీసం రెండేళ్ళ జైలు. నిషిద్ధ ఆయుధమైతే కనీసం ఏడేళ్ళు.

ఏది నిషిద్ధమో ఎలా తెలుస్తుంది? ముద్రలు చదవాలి. మనవాళ్ళు త్రీ నాట్ త్రీ అనే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు బోల్టు పిడి దగ్గర, కుడివైపు ఇనుప పట్టీ మీద కిరీటం, ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం ఉంటాయి. మన దేశంలో చేసినదైతే ఇషాపూరు పేరుంటుంది. స్వాతంత్ర్యం తర్వాత కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు వచ్చాయి. ఇది సైన్యం వాడిన బోరు గనుక నిషిద్ధం. దాని లైసెన్సు విషయం కేంద్ర హోం శాఖ చూస్తుంది, కలెక్టరు కాదు.

అయితే ముద్రనే నమ్మకూడదు. పోలీసుల కోసం ఈ రైఫిళ్ళనే కొన్నిటిని 410 మస్కెట్లుగా మార్చారు. పైకి ఒకటే రూపం, లోపలి తూటా వేరు. అసలు సంగతి ఆర్మరరే చెప్పాలి.

రెండోది, ముట్టుకునే తీరు. ప్రతి తుపాకీ నిండి ఉందనే అనుకోండి. గొట్టం మనిషి వైపు తిప్పకండి. ట్రిగ్గరు మీద వేలు పెట్టకండి. మ్యాగజైను తీసేసినంత మాత్రాన ఖాళీ అయినట్టు కాదు, గొట్టం వెనక గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. బోల్టు తెరవడం రాకపోతే పిల్లల్ని దూరంగా ఉంచి, స్టేషనుకు కబురు చేయండి. పచ్చగా చిలుము పట్టిన పాత తూటాలనూ కొట్టకండి, పారేయకండి. అవీ జమచేయవలసినవే.

లైసెన్సు వచ్చిన తర్వాత కూడా ఆర్మరరు చూడందే పేల్చకూడదు. బోల్టు మీది నంబరూ, రైఫిలు నంబరూ ఒకటేనా? గొట్టంలో తుప్పుందా? 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనకు ఉప్పునీరు ఇనుమును ఏం చేస్తుందో వేరే చెప్పాలా? ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే, గొట్టాన్ని నేలవైపో దిబ్బవైపో ఉంచి అర నిమిషం ఆగాలి. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి.

చివరిది మన వయసువారికి. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం, లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్ళు నిండితే, లేదా తుపాకి ఆయన దగ్గర ఇరవై అయిదేళ్ళుంటే, బతికుండగానే తన వారసుడికి లైసెన్సు ఇప్పించమని కోరవచ్చు. మిగతా వారసుల అంగీకారమూ ఇప్పుడే రాయించుకోవచ్చు. మనం పోయాక మన భార్యలు స్టేషను మెట్లెక్కి సంజాయిషీ చెప్పుకునే అవసరం రాకూడదు.

ఆ అబ్బాయి తుపాకి జమచేసి, రసీదును తండ్రిగారి పెన్షను పుస్తకంలో పెట్టాడు. తుపాకి ఉన్నవారు ఈ వారంలోనే లైసెన్సు తీసి, తేదీ చూసుకోవలసిందిగా ప్రార్థన. సెలవు.