గోడకు ముందు నేల



పల్లె విడిచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో ఇల్లు కట్టదలచువాడు మొదట అడుగునది ఒక్కటే: ఇటుకా, రాయా, కాంక్రీటా?

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచినపుడు వేలకొలది ఇండ్లు కూలెను. మట్టిగోడ ఎండకు మేలు. లోపల చల్లగా నుండును. కాని అడుగు నానినంతనే బిగువు సడలి కప్పు బరువునకు ఒరగిపోవును. సున్నముతో కట్టిన రాతిగోడకు ఆ భయము తక్కువ. ఇచటి గ్రానైటు నీటికి మెత్తబడదు.

2020 అక్టోబరు 13, 14 తేదీల వానలకు దిల్‌సుఖ్‌నగర్ చేరువనున్న సరూర్‌నగర్ చెరువు పొంగి చుట్టుపట్ల కాలనీలు మునిగెను. ఈసారి కాంక్రీటు స్తంభములు నిలిచినవి గాని, క్రింది అంతస్తులలో కాపురముండుట దుర్భరమయ్యెను. నీరు తీసినను ఇటుక పీల్చిన తేమ తొందరగా వదలదు. ఆ చెమ్మ కాంక్రీటులోని ఇనుమును చేరెనా, తుప్పు ఉబ్బి పెచ్చులు రాలును. సిమెంటు అమరమనుకొనుట పొరపాటు.

చెరువు నిండినపుడు నీరు పరచుకొను భూమిని తెలంగాణ గ్రామలెక్కలలో శిఖమందురు. వేసవిలో అది మైదానమువలె నుండును. చూచినవాడు మోసపోవుట వింత కాదు. అచట పునాది ఎత్తు పెంచవచ్చును. ఆ నీరు పొరుగింటికి మరలును, అంతే. కావున కొనువాడు సిమెంటు ధర విచారించుటకు ముందే గ్రామ నక్షా తెప్పించి, ఆ సర్వే నెంబరు శిఖమున నున్నదా, వాగు దారిలో నున్నదా చూచుకొనవలెను.