తెర మీది బడి: పెద్దవారికి వ్యవహార ఇంగ్లీషు

(నయా రాయపూర్‌లో జరిగిన భాషాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుంచి తెలుగులోకి అనువాదాలు చేసుకునే వ్యక్తిని ఇంగ్లీషు బోధన గురించి మాట్లాడమని పిలవడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, పది పదిహేనేండ్లు గడచిన మనిషి ఇంగ్లీషులో ఒక వ్యాపార లేఖ వ్రాయడానికి కూర్చున్నప్పుడు చేసే పని అచ్చంగా అనువాదమే. మాట తెలుగులోనో హిందీలోనో పుడుతుంది. కాగితం మీదికి ఇంగ్లీషులో దిగుతుంది. ఆ దిగడంలో ఏది జారిపోతున్నదో, ఏది అనవసరంగా వెంట వస్తున్నదో కనిపెట్టడం అనువాదకుని నిత్యకృత్యం. అందుచేత ఈ అంశం నాకు పరాయిది కాదు.

ముందుగా మనం కూర్చున్న ఈ నగరాన్ని చూడండి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తరువాత రాజధాని కోసం కొత్తగా నిర్మించిన నగరం ఇది. 2012లో సచివాలయం మహానదీ భవన్‌కు తరలివచ్చింది. 2018లో దీనికి అటల్ నగర్ అని పేరు పెట్టారు. నేడు అధికార పత్రాలలో నవా రాయపూర్ అటల్ నగర్ అని వ్రాస్తున్నా, జనం నోట నయా రాయపూర్ అన్న మాట నిలిచే ఉన్నది. ఇక్కడ ఫైలు హిందీలో నడుస్తుంది. బజారులో బేరం ఛత్తీస్‌గఢీలో సాగుతుంది. ఆ భాషకు 2007లో రాజభాషా చట్ట సవరణ ద్వారా గుర్తింపు లభించింది. ఇంటికి పోతే కొందరికి ఒడియా, కొందరికి మరాఠీ, మనవంటివారికి తెలుగు. బయటి రాష్ట్రాల కంపెనీలతో, బయటి దేశాల కొనుగోలుదారులతో ఉత్తర ప్రత్యుత్తరాలు మాత్రం ఇంగ్లీషులో.

తెలుగువారు ఈ ప్రాంతానికి కొత్తవారు కారు. విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయింది. బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. తరువాత భిలాయి ఉక్కు కర్మాగారం వచ్చింది. దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అక్కడ సోవియట్ నిపుణులకూ మన ఇంజనీర్లకూ నడుమ దుబాసీలు నిలబడి పని నడిపించారు. ఒక పెద్ద పని కోసం ఎదిగిన మనుషులు పరభాషకు అలవాటు పడటం ఈ గడ్డకు తెలియని సంగతి కాదు.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలో ఇంకొక విశేషమున్నది. 1976 నాటి రాజభాషా నియమాల ప్రకారం ఛత్తీస్‌గఢ్ ‘క’ ప్రాంతంలోనిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ‘గ’ ప్రాంతంలోనివి. ఇక్కడి కేంద్ర కార్యాలయం రాయపూర్ పౌరునికి హిందీలో జవాబు వ్రాస్తుంది; హైదరాబాదులోని రాష్ట్ర ప్రభుత్వానికి వ్రాయవలసి వస్తే ఇంగ్లీషులో వ్రాస్తుంది. అంటే తెలుగు ఇంట పుట్టి, హిందీ బడిలో చదివి, ఇక్కడ గుమాస్తాగా ఉన్న ఒక వ్యక్తి తన తాతగారి రాష్ట్రానికి ఉత్తరం వ్రాయాలంటే ఇంగ్లీషు కావలెనన్నమాట! ఇందులో నవ్వుకోవలసినది కొంత ఉన్నా, దేశం ఇంత పెద్దదైనప్పుడు ఇటువంటి ఏర్పాటు తప్పదని కూడా ఒప్పుకోవాలి.

ఇటువంటివారే నేడు రాత్రి ఎనిమిది గంటల తరువాత, భోజనాలు ముగించి, ఫోనుకు ఇయర్‌ఫోను తగిలించుకుని ఆన్‌లైన్ పాఠానికి కూర్చుంటున్నారు. శిక్షకురాలు విజయనగరంలో ఉండవచ్చు, పుణెలో ఉండవచ్చు. విద్యార్థికి ముప్పై అయిదు, నలభై అయిదు ఏండ్లు. ఆయన ఇంగ్లీషు రానివాడు కాడు. బడిలో ఏండ్ల తరబడి చదివాడు. వ్యాకరణంలో మార్కులు తెచ్చుకున్నాడు. లేనిది మరొకటి. ఆ సంగతి పట్టుకోలేని శిక్షకుడు మొదటి రోజునే కర్త, కర్మ, క్రియ అంటూ ఆరంభిస్తాడు. మూడవ వారానికి విద్యార్థి మానుకుంటాడు.

ఆ లేనిది ఏమిటో కొన్ని ఉదాహరణలతో చెబుతాను. తెలుగులో మర్యాద క్రియ చివరనే ఉన్నది: ‘పంపండి’. హిందీలోనూ అంతే: ‘భేజియే’. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు. కనుక మనవాడు మర్యాద కోసం ముందు ‘కైండ్లీ’ తగిలిస్తాడు. ఇక ‘ఈ రోజే’ అనడానికి, ‘ఆజ్ హీ’ అనడానికి ఇంగ్లీషులో చోటు వెదికి ‘టుడే ఇట్‌సెల్ఫ్’ అంటాడు. అంతా కలిపి ‘కైండ్లీ సెండ్ టుడే ఇట్‌సెల్ఫ్’ అని వ్రాసి, ఎంతో వినయంగా అడిగాననుకుంటాడు. దూరదేశంలో చదివినవానికి అది హుకుంలా వినబడుతుంది. ఇంగ్లీషువాడు మర్యాదను ప్రశ్న రూపంలో చూపుతాడు: ‘కుడ్ యూ సెండ్’ అని. ఇది వ్యాకరణ దోషం కాదు. మర్యాద ఉండే చోటు మారడం. ఆ మాట ఒక్కసారి తెలుగులోనో హిందీలోనో విప్పి చెబితే పెద్దవాడు వెంటనే గ్రహిస్తాడు, మరి మరచిపోడు.

‘నాకొక సందేహం’ అంటే మన భాషలో ‘ఒక ప్రశ్న అడగవచ్చునా’ అని అర్థం. దానినే ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే, ఎదుటివాడు తన లెక్కనే శంకిస్తున్నారనుకుంటాడు. ‘చూద్దాం’ అన్నా, ‘దేఖ్‌తే హై’ అన్నా అందులో తరచుగా సున్నితమైన నిరాకరణ ఉంటుంది. అదే ‘వుయ్ విల్ సీ’ అని పోతే, అవతలివాడు నిజంగా చూస్తారని వారం రోజులు కాచుకుని ఉంటాడు. ‘సర్దుకోండి’ అన్న మాటలో మనకున్న ఆత్మీయత ‘అడ్జస్ట్’ అన్న మాటలోకి రాదు. హిందీలో ‘కల్’ అంటే నిన్న, రేపు కూడా. తెలుగువారికి ఈ చిక్కు లేదు గనుక మనం కొంచెం గర్వించవచ్చు.

అంకెల సంగతి ఇంతకన్నా ముఖ్యం. మనం 10,00,000 అని వ్రాస్తే పది లక్షలు. బయటివారు 1,000,000 అని వ్రాసి ఒక మిలియన్ అంటారు. కోటి అంటే పది మిలియన్లు. కామా ఒక చోట నుంచి మరొక చోటికి జరిగితే సంఖ్య మారదు గాని, తొందరలో చదివే కన్ను మోసపోతుంది. 05/06 అంటే మనకు జూన్ 5. అమెరికావారికి మే 6. సరుకు పంపే తేదీ విషయంలో ఈ తేడా నెల రోజుల దండుగకు దారితీయగలదు. నెల పేరును అక్షరాలలో వ్రాయడం నేర్పితే చాలు. వ్యాపార ఇంగ్లీషు పాఠ్యప్రణాళికలో దీనికి మొదటి వారంలోనే చోటివ్వాలని నా అభిప్రాయం.

దూరాన ఉండి చదువు చెప్పడం ఈ నేలకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సాయంతో మన దేశంలో ‘సైట్’ అనే టెలివిజన్ బోధనా ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో టెలివిజన్ సెట్లు అమర్చారు. అప్పటి మధ్యప్రదేశ్‌లో ఎంపికయిన జిల్లాలలో రాయపూర్, బిలాస్‌పూర్, దుర్గ్ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు అదే ఉపగ్రహం ద్వారా తెలుగు కార్యక్రమాలు అందాయి. గొప్ప ప్రయోగమే; కాని ఆ పెట్టె చెప్పేది గాని వినేది కాదు. ఊరివారు ఏమన్నా దానికి తెలియదు. 1982లో హైదరాబాదులో వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఉద్యోగాలు చేసుకునేవారికి చదువు తలుపులు తెరిచింది. ఇంటికి వచ్చిన పాఠాన్ని చదువుకోవచ్చు గాని, నోటితో పలికి అప్పటికప్పుడు దిద్దించుకునే వీలు తక్కువ. నేటి ఆన్‌లైన్ పద్ధతిలో వచ్చిన అసలు మార్పు ఇక్కడ ఉన్నది. తెర ఇప్పుడు వింటుంది కూడా.

అయితే వినే తెరకు తన చిక్కులు తనకున్నాయి. మాట కొంచెం ఆలస్యంగా చేరుతుంది. విద్యార్థి మనసులో వాక్యం కూర్చుకుంటూ అయిదు సెకన్లు మౌనంగా ఉంటే శిక్షకుడు కంగారుపడి తానే జవాబు చెప్పివేస్తాడు. తరగతి గదిలో ఎదుట మనిషి ముఖం కనిపిస్తుంది గనుక ఓపిక పడతాము. తెర మీద మౌనం పాడైన యంత్రంలా తోస్తుంది. ఓపిక పట్టడమే ఆన్‌లైన్ శిక్షకుడు మొట్టమొదట నేర్వవలసిన విద్య. మరొకటి, ఇంటిలో సిగ్గు. పక్కగదిలో ఇంగ్లీషు మీడియం చదివే పిల్లలు వింటున్నారని తల్లిదండ్రులు గొంతు తగ్గిస్తారు. అటువంటివారికి మొదటి నెల వ్రాత పనితోనే గడపడం మేలు.

పాఠం దేనితో చెప్పాలి? విద్యార్థి కిందటి వారం తాను వ్రాసిన ఉత్తరాలతోనే చెప్పాలి. ఇద్దరూ ఒకే కాగితాన్ని తెర మీద ఒకేసారి చూస్తూ దిద్దుకోవడం పూర్వం సాధ్యం కానిది. కాని కార్యాలయ పత్రాలలో పేర్లు, మొత్తాలు, ఖాతా సంఖ్యలు ముందే చెరిపివేయవలసి ఉన్నది. ఉద్యోగి ధర్మం చదువు కోసమైనా తప్పరాదు. పని ద్వారా భాష వస్తుందన్న ఆలోచన మన దక్షిణాదిలోనే పరీక్షకు నిలిచింది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు కేంద్రంగా పాఠశాలలలో ఆ ప్రయోగం చేశారు. వ్యాకరణం వరుసగా చెప్పక, పిల్లలకు పరిష్కరించవలసిన పనులిచ్చారు. అక్కడ పిల్లలకు పనిని కల్పించవలసి వచ్చింది. పెద్దలకు ఆ పని కార్యాలయమే ఇస్తున్నది.

తరగతిలో ఇంగ్లీషు తప్ప మరొక భాష వినబడరాదన్న నియమం చాలాచోట్ల ఉన్నది. పెద్దవారి విషయంలో నేను దానిని అంగీకరించను. రెండు వందల ఏండ్ల క్రితం మద్రాసులో కొలువు చేసిన తెలుగు దుబాసీలను తలచుకోండి. వెన్నెలకంటి సుబ్బారావు సదర్ కోర్టులో అనువాదకుడుగా, దుబాసీగా పనిచేశారు. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి బోధన స్థితిగతుల మీద నివేదిక సమర్పించారు. ఇంగ్లీషులో స్వీయచరిత్ర వ్రాశారు. అది 1873లో అచ్చయింది. అర్జీలు, తీర్పులు, లెక్కల నడుమ పలు భాషలను పక్కపక్కన పెట్టి చూసుకున్న వృత్తి అది. ఆ పక్కపక్కన పెట్టుకోవడాన్నే మనం నేడు నిషేధిస్తున్నాము.

యంత్రమే క్షణంలో అనువాదం చేసి ఇస్తుంటే ఇదంతా ఎందుకని అడిగేవారున్నారు. యంత్రం ఇచ్చిన ఉత్తరం మరీ వంగి ఉన్నదా, మరీ కటువుగా ఉన్నదా అని తేల్చవలసినది సంతకం చేసే మనిషి. పైగా ఫోనులో అవతలివాడు ప్రశ్న వేసినప్పుడు యంత్రాన్ని అడిగి చెప్పే వ్యవధి ఉండదు. ముప్పై రోజులలో ఇంగ్లీషు అని ప్రకటనలిచ్చేవారి గురించి ఎక్కువ చెప్పను. ముప్పై రోజులలో కుదిరేది మహా అయితే ధైర్యం. ఉచ్చారణ మార్చుకోమనేవారి మాట కూడా పట్టించుకోనక్కరలేదు. అంకెలు, తేదీలు, పేర్లు స్పష్టంగా పలికితే తెలుగు యాస ఉన్నా వ్యాపారానికి నష్టం లేదు.

నాకు తెలిసిన ఒక సోదరి ఉరలా పారిశ్రామిక వాడలోని ఒక ఇనుప కర్మాగారంలో సరుకు పంపే విభాగంలో పనిచేస్తున్నది. విశాఖపట్నంలోని కొనుగోలుదారులతో వ్యవహారం. అన్ని లెక్కలూ ఆమెకే తెలుసు. కాని సమావేశంలో ఆమె వ్రాసిన చీటీని మరొకరు చదివి వినిపించేవారు. పదోన్నతి మాట వచ్చినప్పుడల్లా ఆ చదివినవారి పేరే ముందుకు వచ్చేది. ఆమె ఆన్‌లైన్ పాఠాలలో చేరిన కొన్నాళ్ళకు ఒకసారి సరుకు ఆలస్యమయింది. ‘డిలే ఈజ్ దేర్, కైండ్లీ అడ్జస్ట్’ అని వ్రాసి శిక్షకురాలికి చూపింది. ఆవిడ దిద్దలేదు. “ఇదే మాట ఊళ్ళో మీ పిన్నిగారితో చెప్పవలసి వస్తే ఎలా చెబుతారమ్మా?” అని అడిగింది.

“సరుకు శుక్రవారానికి అందదు పిన్నీ, సోమవారానికి తప్పక పంపుతాను, మరీ ఇబ్బందయితే సగం ముందు పంపమంటావా?” అన్నది ఈమె.

వ్యాపార లేఖకు కావలసినదంతా అందులోనే ఉన్నది: జరిగినది దాచకుండా చెప్పడం, కొత్త తేదీ, ఎదుటివారికి ఒక వెసులుబాటు. తెలుగులో ఆమె ఆ విద్య చిన్ననాటి నుంచి ఎరుగును. ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని ఆ మూడు మాటలనే మూడు చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా మార్చారు. చివరిది ప్రశ్నగా ఉంచారు. మరునాడు ఉత్తరం ఆమె పేరుతోనే వెళ్ళింది. మధ్యాహ్నానికి విశాఖపట్నం నుంచి ఫోను వచ్చింది. ఆ ఉత్తరం వ్రాసినవారితోనే మాట్లాడతామన్నారు. సగం సరుకు ముందుగా పంపమని చెప్పి, లారీ నంబరు అడిగారు. ఆమె ఒక్కొక్క అంకె విడదీసి, రెండుసార్లు చదివి వినిపించింది.