శుభకార్యములలో బొమ్మల పుస్తకము



అన్నప్రాశన నాడు శిశువు ఎదుట పుస్తకము, కలము, బంగారము, పూలు ఉంచి, పాకుచు వచ్చి ఏది పట్టుకొనునో చూచుట మన ఇండ్లలోని ఆచారము. పుస్తకముపై చేయి వేసినచో ఇంటిల్లిపాదియు మురిసిపోవుదురు. కాని వేడుక ముగియగానే ఆ పుస్తకము మరల బీరువాలోనికి పోవును, ఏలయన అది పెద్దలది. ఆ బిడ్డకే చెందునట్లు ఒక భగవత్కథల బొమ్మల పుస్తకమును ఆనాడు ఇచ్చినచో ఎంత బాగుండునో ఆలోచింపుడు.

బొమ్మలనగానే చిన్నచూపు తగదు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై 16వ శతాబ్దమునాటి చిత్రకారులు కిరాతార్జునీయ కథను చిత్రించిరి. శ్రీకాళహస్తి కలంకారీవారు రామాయణమును వస్త్రముపై నిలిపిరి. చేర్యాల నకాషీలు పొడవైన పటములు వ్రాసి ఇయ్యగా, కథకులు వానిని విప్పి చూపుచు ఊరూర కథ చెప్పిరి. ఆ పటము తనంత తాను పలుకదు. ప్రక్కన నిలిచి చెప్పువాడుండవలెను. నేటి బొమ్మల పుస్తకమునకును ఇదియే వర్తించును.

భవభూతి మహాకవి ఉత్తరరామచరితము ప్రథమాంకములో ఒక చక్కని ఘట్టము కలదు. సీతాదేవి నిండు గర్భిణి. తండ్రి జనకుడు మిథిలకు మరలిపోగా ఆమె దిగులుగా నున్నది. అంతట లక్ష్మణుడు వచ్చి, చిత్రకారుడు శ్రీరామచరితమును చిత్రించినాడు, చూడుడని పిలుచును. ముగ్గురును ఒక్కొక్క చిత్రమును చూచుచు తాము గడిపిన దినములను తలచుకొందురు. శూర్పణఖ చిత్రము కంటబడగానే జానకి బెదరును. ఇది చిత్రమే సుమా యని రాముడు ఊరడించును. ఆ చిత్రములు చూచియే ఆమెకు మరల అడవులలో విహరింపవలెనను కోరిక పుట్టినది. దానివలన తరువాత ఏమి జరిగినదో మీరెరుగనిది కాదు. మేమిక్కడ చెప్పవచ్చినది వేరు. భయపెట్టు బొమ్మ వచ్చినపుడు ప్రక్కన ఒక ఆత్మీయుడు ఉన్నాడు. సీమంతమునాడు పుస్తకమిచ్చు బంధువులు ఈ ఘట్టమును గుర్తుంచుకొనవలెను.

నాగిరెడ్డి చక్రపాణులు 1947లో ఆరంభించిన చందమామ నేడు వెలువడుట లేదు. దాని బొమ్మలు చూచి పెరిగినవారు తాతలు, అమ్మమ్మలు అయినారు. వారి మనుమలలో తెలుగు చదువుట రానివారెందరో కలరు. అమెరికాలోనే కాదు, మన హైదరాబాదులోను అంతే. సెలవులకు వచ్చిన పసివానితో ఏమి మాట్లాడవలెనో తోచక, బుగ్గలు నిమిరి ఊరకుండు పెద్దలను చూచినపుడు మాకు మిక్కిలి బాధ కలుగును. ఆ ఇద్దరి నడుమ సంజీవి పర్వతము మోయుచున్న ఆంజనేయుని బొమ్మ నుంచి చూడుడు. ఆ పర్వతమేల అని వాడు ఏ భాషలో అడిగినను అమ్మమ్మకు అర్థమగును. ఆమె తెలుగులోనే చెప్పనిండు. రేపటికి వానికి నాలుగు తెలుగు మాటలు వచ్చును.

అక్షరాభ్యాసమునకు, అది బాసరలో నైనను ఇంటిలో నైనను, దళసరి కాగితముపై పుటకొక పెద్ద బొమ్మ, క్రింద ఒకటి రెండు పంక్తులు మాత్రమే యున్న పుస్తకము మేలు. పలకపై దిద్దిన అక్షరమును అందులో వెదకి వ్రేలు పెట్టును. ఉపనయన వటువునకు నచికేతుడు, ధ్రువుడు తగుదురు. షష్టిపూర్తి దంపతులకు అందరును శాలువాలే కప్పుదురు. పెద్ద అక్షరముల సచిత్ర రామాయణమిచ్చినచో కన్నులకు శ్రమ ఉండదు, మనుమలును వచ్చి ప్రక్కన చేరుదురు.

బొమ్మలను ఎంచి కొనుడు. కండలు పొంగించి, కనుబొమలు ముడిచి నిలిచిన శ్రీరాముడు మాకు రుచింపడు. ఎదుటివారిని తానే ముందుగా మృదువుగా పలుకరించువాడని వాల్మీకి వర్ణించిన స్వామి ముఖమున ఆ ప్రసన్నత కనబడవలెను గదా.

మెరుపు కాగితము చుట్టి బల్లపై పెట్టి పోవలదు. మొదటి పుటలో బిడ్డ పేరు, తిథి, సంవత్సరము, మీ ఆశీస్సు స్వహస్తముతో వ్రాయుడు. పిదప బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనుడు. భోజనములకు పిలుపు వచ్చులోగా రెండు పుటలైనను చూపవచ్చును.