ట్యాగు మిషన్‌తో సరుకు లెక్క – మేం నేర్చుకున్నది

(సమాఖ్య వార్షిక మహాసభలో సరుకు కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



పొద్దున్నే ఇంటిపని ముగించుకొని, బస్సులు, ఆటోలు పట్టుకొని వచ్చారు. భోజనాల వేళ కూడా దగ్గర పడింది. అందుకని ఎక్కువసేపు తీసుకోం. ఈ ఏడాది మన గోదాములోకి కొత్తగా వచ్చిన ట్యాగు మిషన్ గురించి చెప్పమన్నారు. అయితే మిషన్ కంటే ముందు ఒక తప్పు గురించి చెప్పాలి. ఆ తప్పు మాదే.

మన సరుకు సరస్ మేళాలకు వెళ్తుందని మీకు తెలుసు. పొందూరు ఖాదీ చీరలు, బుడితి ఇత్తడి సామాన్లు, పలాస జీడిపప్పు, బొబ్బిలి వీణ బొమ్మలు, జనపనార సంచులు, ఆవకాయ జాడీలు అన్నీ కలిపి పంపిస్తాం. అవన్నీ ఒక సంఘానివి కావు. ఒక్కో సంఘం ఇచ్చిన సరుకు వేరు, ధర వేరు. అమ్మిన డబ్బు ఎవరిది వారికి పంచాలి. స్టాలు దగ్గర కూర్చునేది మాత్రం ఇద్దరు ముగ్గురే.

పోయిన ఏడాది ఒక మేళా నుంచి సరుకు తిరిగి వచ్చాక లెక్క చూస్తే ఆరు చీరలు తగ్గాయి. అమ్మినట్టు బిల్లు లేదు. మిగిలిన వాటిలో చీరలూ లేవు. స్టాలులో కూర్చున్న అప్పని పిలిచి అడిగాం. "నాను తియ్యలేదమ్మా, నాకిచ్చినవన్నీ తిరిగి తెచ్చాను" అన్నారావిడ. మేం వినలేదు. ఆరు చీరల ధర ఆవిడకి రావాల్సిన డబ్బులో పట్టేశాం. రెండు నెలలు ఆవిడ మీటింగుకి రాలేదు. ఊళ్లో నలుగురూ నాలుగు మాటలు అన్నారు. ఆ మాటలన్నీ మేం పెట్టిన సంతకం వల్లే పుట్టాయి.

ఆ తర్వాతే లెక్క గట్టిగా ఉండాలని ఈ మిషన్ తెచ్చుకున్నాం.

మిషన్ అంటే పెద్దదేం కాదు. చపాతీ పీటంత పెట్టె. దాని పేరు ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్. బల్ల మీద పెట్టి, వైరు కంప్యూటర్‌కి తగిలిస్తే చాలు. దానితో పాటు కాగితం బిళ్లల్లాంటి ట్యాగులు వస్తాయి. ట్యాగు లోపల నువ్వు గింజ కంటే చిన్న చిప్పు, దానికి రెండు పక్కలా సన్నని లోహపు గీత ఉంటాయి. బ్యాటరీ ఉండదు. రీడర్ నుంచి వచ్చే రేడియో తరంగం తగలగానే, ఆ తరంగం ఇచ్చిన శక్తితోనే ట్యాగు తన నంబరు చెప్తుంది.

ఇది మీరు చూడనిది కాదు. మడపాం టోల్‌గేటు దగ్గర, నాతవలస టోల్‌గేటు దగ్గర కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ ఇదే జాతి. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల మీద అది తప్పనిసరి అయింది. అక్కడ రీడర్ పైన వేలాడుతూ దూరం నుంచి చదువుతుంది. మనది బల్ల మీద కూర్చుని జానెడు, రెండు జానల దూరంలో ఉన్నవి చదువుతుంది. ఈ పనికి మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలయ్యే తరంగాలు వాడతారు. వేరే దేశాల్లో వేరేవి ఉన్నాయి. ఏ సంఘమైనా కొనాలనుకుంటే మన దేశానికి సెట్ చేసిన రీడరే అడిగి తీసుకోండి.

బార్‌కోడ్ ఉంది కదా, ఇదెందుకని కొందరు అడిగారు. బార్‌కోడ్ గీతలు కంటికి కనపడాలి, ఒక్కొక్కటే చూపించాలి. ఈ ట్యాగు చీర మడతలో ఉన్నా చదువుతుంది, పది ఒకేసారి పెట్టినా చదువుతుంది. మొదటిసారి చూసినప్పుడు మాలో ఒక పిన్నమ్మ "ఒలమ్మా! సీరలన్నీ ఒక్కపాలే లెక్కెట్టేసిందే!" అన్నారు.

అన్నీ ఒకేసారి మాట్లాడితే మిషన్‌కి ఎలా అర్థమవుతుందని మాకూ అనుమానం వచ్చింది. నేర్పడానికి వచ్చిన అబ్బాయి చెప్పింది మన చీటీల్లాగే ఉంది. రీడర్ "అందరూ తలో చీటీ తియ్యండి" అంటుంది. ప్రతి ట్యాగూ తనంతట తను ఒక అంకె తీసుకుంటుంది. రీడర్ వరసగా పిలుస్తుంటే తన వంతు వచ్చినప్పుడు పలుకుతుంది. రెండింటికి ఒకే అంకె పడి మాటలు కలిసిపోతే, వాటిని మళ్లీ చీటీ తియ్యమంటుంది. ఇదంతా మనం రెప్ప వేసేలోగా అయిపోతుంది. ఒకే ట్యాగు పదిసార్లు పలికినా నంబరు ఒకటే కాబట్టి కంప్యూటర్ దాన్ని ఒకటిగానే లెక్కేస్తుంది.

ఇక పని రెండు భాగాలు. ఒకటి నమోదు. రెండోది సరిచూడటం.

నమోదు అంటే ట్యాగుకీ వస్తువుకీ పెళ్లి చెయ్యడం. ఈ ట్యాగు నంబరు ఫలానా సంఘం ఇచ్చిన ఫలానా చీరది, ధర ఇంత, వచ్చిన తేదీ ఇది అని కంప్యూటర్‌లో రాయాలి. ట్యాగులో నంబరు తప్ప ఇంకేమీ రాయలేదు. మన పేరు, ఆధార్, ఫోను నంబరు ఏవీ అందులో లేవు. మిగతా వివరాలన్నీ మన పుస్తకంలోనే ఉన్నాయి. గేదె చెవికి వేసిన 12 అంకెల ట్యాగు కూడా అంతే కదా. చెవికి ఉన్నది నంబరే. ఆ గేదె ఎవరిది, ఏ టీకాలు పడ్డాయి అన్నది రికార్డులో ఉంటుంది.

నమోదులో మొదటి రోజే తప్పు చేశాం. ట్యాగుకి కొత్త నంబరు రాస్తున్నప్పుడు పీట మీద ఒక్క చీరే ఉండాలి. మేం పక్కనే ఇంకో కట్ట పెట్టుకున్నాం. రాసిన నంబరు పీట మీద ఉన్న చీరకి కాకుండా పక్క చీరకి ఎక్కింది. సాయంత్రం చూస్తే రెండు చీరలకి ఒకే నంబరు. పెట్టినవి పది, మిషన్ చెప్పింది తొమ్మిది. ట్యాగులో ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన ఇంకో నంబరు ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. దాన్ని చూసి ఏది ఏదో విడదీశాం. అప్పటి నుంచి నమోదు చేసేటప్పుడు పీట చుట్టూ రెండు మూరల దూరం ఖాళీగా ఉంచుతున్నాం, రీడర్ శక్తి కూడా తగ్గించి పెడుతున్నాం. ఒకరు వస్తువు పెడతారు, ఒకరు రాస్తారు, ఒకరు పైకి చదువుతారు. పది అయ్యాక పదీ కలిపి పీట మీద పెట్టి, పది నంబర్లు వచ్చాయా అని చూస్తాం.

అలా గోదాములో ఉన్న ప్రతి మూటా విప్పాం. వారం పట్టింది. నాలుగో రోజు జనపనార సంచుల మూట అడుగున ఖాదీ చీరలు కనిపించాయి. లెక్కపెట్టాం. ఆరు.

అవి అసలు మేళాకే వెళ్లలేదు. సరుకు పంపేటప్పుడు "మూట – చీరలు నలభై" అని పుస్తకంలో రాశాం. మూటలో నిజంగా ఉన్నవి ముప్ఫై నాలుగే. ఎవరూ విప్పి చూడలేదు. స్టాలులో కూర్చున్న అప్ప మూట చూసి నలభైకి సంతకం పెట్టేశారు. మనల్ని నమ్మి పెట్టిన సంతకమది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ చీరలు మిషన్ కనిపెట్టలేదు. వాటికి అప్పటికి ట్యాగులే లేవు. మిషన్ కోసమని ప్రతి వస్తువూ చేత్తో పట్టుకున్నాం కాబట్టి దొరికాయి. ఆ పని ఏడాది ముందే చేసుంటే ఒక మనిషి తల దించుకోవాల్సి వచ్చేది కాదు.

ఆ సాయంత్రమే కమిటీ అంతా కలిసి ఆవిడ ఇంటికి వెళ్లాం. డబ్బు మొత్తం తిరిగి ఇచ్చాం. "డబ్బులు సరేనమ్మా, మాట ఊరంతా తిరిగింది. దానికి ఏటి సేస్తారు?" అన్నారావిడ. అందుకే తర్వాతి నెల మీటింగులో అందరి ముందూ క్షమాపణ చెప్పాం, తీర్మానాల పుస్తకంలో రాశాం. ఈ రోజు ఇంతమంది ముందు మళ్లీ చెప్తున్నాం. అప్పా, తప్పు మాది. ఆవిడ ఈ రోజు ఇక్కడే, మనతోనే కూర్చున్నారు.

ఇప్పుడు సరిచూడటం గురించి. సరుకు బయలుదేరేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చినప్పుడు ఒకసారి పీట మీద పెడతాం. కంప్యూటర్ మూడు రకాలుగా చూపిస్తుంది. లిస్టులో ఉండి పలికినవి. లిస్టులో ఉండి పలకనివి. లిస్టులో లేకుండా పలికినవి. మూడో రకం వస్తే వేరే సంఘం సరుకు కలిసిందన్నమాట, లేదా వెనక అల్మరాలో ఉన్నది కూడా మిషన్‌కి వినిపించిందన్నమాట.

గొడవ అంతా రెండో రకంతోనే. ఈ ఏడాది ఒక మేళా నుంచి వచ్చిన సరుకు చూస్తే మూడు చీరలు పలకలేదు. స్టాలులో కూర్చున్న చెల్లెలి ముఖం పాలిపోయింది. ఈసారి మేం తొందరపడలేదు. మూట విప్పాం. మూడూ ఉన్నాయి. ఇత్తడి దీపపు సెమ్మెలకి చుట్టి పెట్టారు. ఇత్తడి ఆనుకుని ఉంటే ట్యాగు పలకలేదు. మిషన్ చెప్పింది "వినపడలేదు" అని. "పోయింది" అని చెప్పలేదు. "తీసేశారు" అని అసలే చెప్పలేదు. ఈ తేడా మనందరం గుర్తుపెట్టుకోవాలి.

ఏ సరుకు ఎలా ఉంటుందో చెప్తాం, మీకు పనికొస్తుంది. ఖాదీ, నూలు బట్ట, చెక్క వీణ బొమ్మలు బాగా పలుకుతాయి. అయితే అన్ని చీరలకీ ఒకే మూల ట్యాగు పెడితే ఒకదాని మీద ఒకటి పడి కొన్ని పలకవు. ఒకదానికి ఈ మూల, ఇంకోదానికి ఆ మూల పెట్టాలి. పది చీరల కట్టయితే మా మిషన్ చక్కగా చదువుతోంది. నలభై ఒకేసారి పెడితే కొన్ని తప్పిపోతున్నాయి. తడి బట్ట పెట్టకూడదు, నీరు తరంగాన్ని మింగేస్తుంది. ఆవకాయ జాడీకి కూడా అదే ఇబ్బంది, ట్యాగు మూత దగ్గర తాడుకి వేలాడదీస్తున్నాం. జీడిపప్పు ప్యాకెట్ లోపల మెరిసే రేకు ఉంటే ట్యాగు దాని మీద అంటించకూడదు, ప్యాకెట్లు పెట్టే అట్టపెట్టెకి పెట్టాలి. ఇత్తడికి లోహం కోసం చేసిన వేరే ట్యాగు ఉంది, కానీ చీర ట్యాగుకి అది ఎన్నో రెట్లు ఖరీదు. అందుకని పెద్ద సామాన్లకే అది పెట్టాం. చిన్న గంటలు, ప్రమిదలు పాత పద్ధతిలోనే చేత్తో లెక్కపెడుతున్నాం. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మిషన్ చెయ్యలేనిది ఇంకోటి ఉంది. ట్యాగు ఉంటే ట్యాగు ఉందని చెప్తుంది. ఆ ట్యాగు ఉన్నది మంచి చీరకో, చిరుగు చీరకో దానికి తెలీదు. ఎవరైనా ట్యాగు కోసి వేరేదానికి కడితే దానికి అదే చీర. కాబట్టి కంటితో చూడటం మానకూడదు.

వెలుగు పథకం 2000లో ఆరు జిల్లాల్లో మొదలైనప్పుడు అందులో మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అప్పటి నుంచి మనం పంచసూత్రాలు చెప్పుకుంటూనే ఉన్నాం. క్రమం తప్పని మీటింగులు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఆ చివరి సూత్రం ఇప్పుడు కంప్యూటర్‌లోకి కూడా వచ్చింది, అంతే. పుస్తకంలో తప్పు రాస్తే మిషన్ ఆ తప్పునే వేగంగా చదువుతుంది.

ఈ మహాసభ ముందు నాలుగు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, మూట లెక్క ఇకపై చెల్లదు, ప్రతి వస్తువూ విడిగా నమోదు కావాలి. రెండు, సరుకు పట్టుకెళ్లే సభ్యురాలి ముందే రీడర్ మీద పెట్టి చూపించి, లిస్టు అచ్చు తీసి ఆమెకొకటి ఇచ్చాకే సంతకం అడగాలి. చదువు రాని వాళ్లకి లిస్టు పైకి చదివి వినిపించాలి. మూడు, మిషన్‌లో పలకని వస్తువుని ఇద్దరు సభ్యులు చేత్తో వెతికే వరకు ఎవరి మీదా మాట అనకూడదు, డబ్బు పట్టకూడదు. నాలుగు, కరెంటు పోయినా, మిషన్ చెడినా పని ఆగకుండా చేతిరాత పుస్తకం కూడా నడవాలి.

ఈ పని ఇద్దరికే తెలిస్తే మళ్లీ అందరం వాళ్ల మీదే ఆధారపడతాం. ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరిని పంపండి. మేం నేర్పుతాం. వయసైపోయింది, కంప్యూటర్ మాకెందుకు అనకండి. మా కమిటీలో పీట మీద చీరలు పెట్టే పనిలో అందరికంటే బేగి నేర్చుకున్నది మా పెద్ద పిన్నమ్మే.

తీర్మానాలకు ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. ఒప్పుకోని వాళ్లు ఎందుకో చెప్పండి, వింటాం. పోయినసారి వినకే కదా ఇంత జరిగింది.