నీరు తీసిన తర్వాతే అసలు సేవ

(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ ప్రాంతాలను ముంచెత్తింది. ఎగువన కవులూరు దగ్గర కట్టకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణానదిలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. వరద మతాన్ని, కులాన్ని చూడలేదు. అయినా నష్టం అందరికీ ఒకే తీరున జరగలేదు. మేడ ఉన్నవారు పై అంతస్తుకు చేరుకున్నారు. అద్దె గదిలో ఉండే కూలీలు, దర్జీలు, ఆటో డ్రైవర్లు, తోపుడుబండి వ్యాపారులు కట్టుబట్టలతో బయటపడ్డారు.

ఆ రోజుల్లో మన బడి తరగతి గదులు ఇళ్లయ్యాయి. అన్నం, నీళ్లు, దుప్పట్లు, మందులు సమకూర్చడంలో మనలో ఎవరూ వెనుకాడలేదు. కాని పొట్లాలు పంచడంతో సేవ పూర్తి కాదని త్వరలోనే తెలిసివచ్చింది. నీరు తీసిన తర్వాత ఆ కుటుంబాలకు మూడు అవసరాలు మిగిలాయి: కాగితం, చదువు, గౌరవం.

మొదటిది కాగితం. ప్రభుత్వం నీట మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25 వేల రూపాయలు, పై అంతస్తుల వారికి 10 వేల రూపాయలు సాయం ప్రకటించింది. అద్దెకుండేవారి చేతిలో ఒప్పందపత్రం ఉండదు. ఆధార్, రేషన్ కార్డు బురదపాలయ్యాయి. బంధువుల ఇంటికి వెళ్లినవారి తలుపుకు తాళం ఉంటుంది. అటువంటి కుటుంబం ఆ వీధిలోనే నివసించిందని చెప్పగల సాక్ష్యం బడి రిజిస్టరులో ఉంది. అందుకే మనం స్టడీ సర్టిఫికెట్లు రాసి ఇచ్చాం, దరఖాస్తులు నింపి పెట్టాం. ఇది దయ కాదు, హక్కును గుర్తుచేయడం. పరిహారంలోనూ, సహాయంలోనూ మతం, కులం, స్త్రీ పురుష భేదం చూపరాదని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆ మాట ప్రతి కార్యకర్తకూ కంఠస్థం కావాలి.

రెండవది చదువు. ఇల్లు పోయినప్పుడు పెద్దపిల్లవాడిని పనికి పంపుతారు, ఆడపిల్లను తమ్ముళ్లను చూసుకొమ్మని ఇంట్లో ఉంచుతారు. నెల రోజులు బడి మానిన బిడ్డ తిరిగి రావడం కష్టం. మరో పేటకు మారిన కుటుంబాలు టి.సి. లేదని భయపడుతున్నాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదవ తరగతి వరకు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో టి.సి. ఆలస్యమైందన్న కారణంతో బిడ్డను చేర్చుకోకపోవడం చెల్లదు. వయసు ధ్రువపత్రం లేదన్న సాకూ చెల్లదు. ఈ సంగతి తల్లులకు చెప్పడం మన బాధ్యత.

మూడవది గౌరవం. మక్కా వదిలి వచ్చిన ముహాజిర్లను మదీనాలోని అన్సార్లు సోదరులుగా స్వీకరించారు. దైవప్రవక్త (స) వారిని ఒకరికొకరిని జతపరిచారు. ఆ ఆదర్శంతోనే మనం ఒక్కో నిర్వాసిత కుటుంబానికి ఒక్కో కుటుంబాన్ని తోడుగా నిలిపాం. జతపరిచేటప్పుడు ఎవరి మతాన్నీ అడగలేదు. పాత చీర ఇచ్చి ఫొటో తీయడం సేవ కాదు. పుచ్చుకునేవారు తలవంచుకోవలసి వస్తే ఆ సాయంలో లోపమున్నట్లే.

ఒక మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. గదులు శిబిరమైతే మన పిల్లల పాఠాలు ఆగుతాయని కొందరు తల్లిదండ్రులు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. అందుకు జవాబు కుటుంబాలను తొందరపెట్టి పంపించడం కాదు. వారికి వేరే నీడ చూపాలని అధికారులను నిలదీయడం, అంతవరకు పూటల వారీగా తరగతులు నడపడం.

ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీల్లో మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలని చట్టం నిర్దేశించింది. మన తల్లులు ఆ స్థానాల్లో కూర్చోవాలి. వచ్చే వర్షాకాలానికి ముందే ప్రతి విద్యార్థి చిరునామా, ఫోను నంబరు, ధ్రువపత్రాల నకళ్లు ఎత్తైన గదిలో భద్రపరచాలి. డిజిలాకర్‌లో దాచుకోవడం పెద్ద పిల్లలు తమ ఇంటివారికి నేర్పాలి. పొంగినప్పుడు ఏ వీధికి ఎవరు వెళ్లాలో ఇప్పుడే నిర్ణయించుకుందాం. ఈ సభ ముగిసేలోగా పేర్లు రాయించండి.