పాత కారునకు కందెన
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉద్యోగార్థము ఊరు విడిచి వచ్చిన తెలుగువారి సభలో పాత మోటారుకారును గూర్చి ప్రసంగమేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని ఎడ్లబండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన పెట్టుట మన పెద్దలు ఎరిగిన పనియే. నేను చెప్పబోవునదియు కందెన సంగతియే.

ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున 1962 మొదలు 1980 వరకు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తయారైనది. దాని అందమైన రూపమును దిద్దినవాడు ఇటలీ దేశస్థుడైన జియోవన్ని మికెలొట్టి. ముందు చక్రముల అమరికను మాత్రము 1959లో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డ్ నుండి గ్రహించిరి. ఆ హెరాల్డునే మన దేశమున, మదరాసులో, 1961 నుండి స్టాండర్డ్ హెరాల్డ్ అను పేర తయారుచేసిరి. ఆ తయారీ నిలిచి దశాబ్దములు గడచినవి. అయినను మనలో కొందరి తండ్రులు, తాతలు దానిని నడిపినవారే. కనుక స్పిట్‌ఫైరు సంగతి మనకు పరాయిది కాదు.

ఈ బండ్లలో ముందు చక్రమును పట్టియుంచు నిలువు ఉక్కు కమ్మి యొకటి కలదు. దాని అడుగున మరచుట్లు ఉండును. అవి ఇత్తడివంటి మిశ్రలోహముతో పోసిన ట్రనియన్ అను గుల్లలో ఇమిడియుండును. స్టీరింగు త్రిప్పినప్పుడెల్లను ఉక్కుమర ఆ గుల్లలో తిరుగుచుండును. గుంటల కుదుపంతయు దానిమీదనే పడును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఈ చోట గ్రీజు పనికిరాదు. ఈపీ 90 రకపు గేరు ఆయిలు ఎక్కింపవలెను. గ్రీజు చిక్కనిది. అది గుల్ల అడుగుననే నిలిచి, క్రమముగా గట్టిపడి, మరచుట్ల సందులలోనికి ప్రాకదు. పైనుండి వాననీరు దిగును. ఉక్కు తుప్పుపట్టి గుంటలు పడును. ఒకనాడు కమ్మి విరిగి చక్రము ఒరిగిపోవును.

మా తండ్రిగారి హెరాల్డుకు అట్లే జరిగినది. ప్రతి పండుగకును నేను మెకానిక్కు ఎదుట నిలిచి దండిగా గ్రీజు కొట్టించెడివాడను. అది వెలికి పొంగిన కొలది నాకు తృప్తి. ఒక సాయంకాలము మా క్వార్టర్ల గేటులోనికి మెల్లగా త్రిప్పుచుండగా ఎడమ చక్రము ఒరిగి బండి చతికిలబడినది. వెనుక సీటున మా అమ్మయు, మా పాపయు కూర్చుండియుండిరి. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని ఐదు నిమిషములకు ముందు మేము పెద్దరోడ్డున లారీల నడుమ ఉంటిమి! మెకానిక్కును తప్పుపట్టలేను. బండి పుస్తకము మా బీరువాలోనే యుండెను, నేను తెరువలేదు.

పద్ధతి సులభము. బండిని జాకీతో ఎత్తి, స్టాండ్లపై నిలిపి, ట్రనియనునకున్న చిన్న మరను విప్పి, ఆ చోట నిపిల్ బిగింపవలెను. గ్రీజు సోకని వేరొక గన్నుతో ఆయిలు ఎక్కింపవలెను. స్టీరింగును ఈ కొస నుండి ఆ కొసకు త్రిప్పుచు, గుల్ల పై అంచున ఆయిలు చెమర్చువరకు ఆపరాదు. పుస్తకము ప్రకారము ఇది 6,000 మైళ్ళకొకసారి చేయవలసిన పని. తక్కువ తిరుగు పాత బండికి ఏటేట వానలకు ముందు చేయుట మేలు. ఇదివరకే గ్రీజు నింపియున్నచో, విప్పి శుభ్రపరచి చూడవలెను. కమ్మిపై తుప్పు గుంటలున్నచో దానిని మార్చవలసినదే. స్టీరింగు ర్యాకునకు మాత్రము గ్రీజే కావలెను. అదియును కొద్దిగానే, మితిమీరినచో ఇరుప్రక్కల రబ్బరు తొడుగులు పగులును.

శ్రద్ధ నాకు లేకపోలేదు. ఏది ఎచ్చట కావలెనో తెలిసికొనుటకు ఒక్క పుట చదివియుండిన చాలెడిది. మీ యింట అట్టి పాత బండి యున్నచో, ఈ ఆదివారము ఆ పుట తెరచి చూడుడని ప్రార్థించుచున్నాను.