పాత వ్యాన్: ముందు చక్రాలు, తర్వాతే ఇంజిన్

ఈ వారం సాహిత్యం లేదు, సినిమా లేదు. పాత వ్యాన్ల గురించి మాట్లాడుకుందాం.

అమెరికాలో ఏ ఊళ్ళోనైనా మనవాళ్ళు పది కుటుంబాలు చేరితే చాలు, గుడికి వెళ్ళడాలు, వనభోజనాలు మొదలవుతాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇక్కడ కారు నడపడం రాదు. మనకేమో వారమంతా ఉద్యోగాలు. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, "తలా కాస్త వేసుకుని ఓ పాత పెద్ద వ్యాన్ కొనేస్తే పోలా?" అని. ఆలోచన మంచిదే. నేను మెకానిక్కుని కాను, కంప్యూటర్ల పని చేసుకునేవాణ్ణి. కానీ మా ఊళ్ళో అలా కొన్న వ్యాన్ బాగోగులు చూసే పని కొన్నేళ్ళుగా నాదే. కాబట్టి తెలిసిన నాలుగు ముక్కలు చెప్తాను.

పాత వ్యాన్లలో మనకి ఎక్కువగా కనిపించేవి మూడు. ఒకటి ఫోర్డ్ ఈ-సిరీస్, పాత పేరు ఎకనోలైన్. ప్యాసింజర్ వ్యాన్‌గా అది 2014 మోడల్‌తో ఆగిపోయింది. దాని స్థానంలో 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ట్రాన్సిట్ వచ్చింది. మూడోది షెవర్లే ఎక్స్‌ప్రెస్, దాని కవల జీఎంసీ సవానా. ఇవి 1996 మోడల్ నుంచి ఉన్నాయి.

ఇవి ఎక్కువగా హోటళ్ళు, చర్చిలు, విమానాశ్రయం షటిల్ వాళ్ళు వాడి అమ్మేసినవి. మీటరు మీద అరవై వేల మైళ్ళే ఉన్నాయని సంబరపడకండి. హోటల్ షటిల్ ఏసీ వేసుకుని గంటల తరబడి గుమ్మం ముందు నిలబడే ఉంటుంది. చక్రం తిరగదు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పైన రంగు కొత్తగా వేసి ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇలాంటి వాటి గురించే పుట్టిందేమో అనిపిస్తుంది.

మనవాళ్ళు వ్యాన్ చూడ్డానికి వెళ్ళగానే బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు. నేను చెప్పేది, ముందు వంగి చక్రాలు చూడండి. ఇంజిన్ చెడిపోతే దారిలో ఆగిపోతాం, డబ్బు పోతుంది. టైరు, బ్రేకు, స్టీరింగు చెడితే మనుషులు పోతారు.

ఇది ఊరికే భయపెట్టడానికి అంటున్న మాట కాదు. పదిహేను మంది కూర్చునే వ్యాన్ల గురించి 2001లోనే కేంద్ర ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ హెచ్చరిక జారీ చేసింది. పది మంది, అంతకంటే ఎక్కువ మంది ఎక్కినప్పుడు, తక్కువ మంది ఉన్నప్పటి కంటే బండి బోల్తా పడే రేటు దాదాపు మూడు రెట్లు ఉందని తేల్చింది. కారణం ఏమిటంటే, జనం నిండేకొద్దీ బరువు పైకీ వెనక్కీ జరుగుతుంది. అలాంటప్పుడు వెనక టైరు పేలితే డ్రైవరు కంగారుపడి స్టీరింగు ఒక్కసారిగా తిప్పుతాడు. బండి పల్టీ కొడుతుంది.

టైరు పక్కన డీఓటీ అనే అక్షరాల వరసలో చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడి లోతుగా కనబడినా, ఏళ్ళు గడిచిన టైరులో రబ్బరు పెళుసెక్కి ఉంటుంది. స్టెప్నీ మీద కూడా ఈ అంకెలు చూడండి. బండితో పాటు వచ్చిన పాత స్టెప్నీని కొత్తదనుకుని వేసేవాళ్ళున్నారు. ఇక గాలి. కారుకి 32, 35 అలవాటైన చెయ్యి వ్యాన్‌కీ అంతే పెడుతుంది. ఈ వ్యాన్లలో కొన్నిటికి వెనక టైర్లలో 80 దాకా ఉండాలి. డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితంలో ముందుకెంత, వెనక్కెంత అని రాసి ఉంటుంది. అదే ప్రమాణం.

తర్వాత స్టీరింగు. జాకీ వేసి ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. వదులుంటే బాల్ జాయింటో బేరింగో అరిగినట్టు. పక్కల పట్టుకుని ఊపితే టై రాడ్ల సంగతి తెలుస్తుంది. ఎక్స్‌ప్రెస్‌లో ఐడ్లర్ ఆర్మ్, పిట్‌మన్ ఆర్మ్ అరగడం మామూలు. ఇక బ్రేకులు. మంచు రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పుకి బ్రేకు గొట్టాలు తుప్పు పడతాయి. పెడల్ మీద కాలు నొక్కి ఉంచితే మెల్లగా కిందికి దిగిపోతోందా? ఆ బండి ఎక్కించి ఎవర్నీ తీసుకెళ్ళకండి.

మూడోది నీళ్ళ వ్యవస్థ. వెనక సీట్ల వాళ్ళకి వేడి అందించడానికి బండి అడుగున పొడుగాటి గొట్టాలు వెళ్తాయి. వీటికీ తుప్పు పడుతుంది. తియ్యటి వాసన వస్తే కూలెంట్ కారుతున్నట్టే. చూసుకోకపోతే ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ ఎర్రగా ఉంటే మంచిది, గోధుమ రంగుకి తిరిగి మాడిన వాసన వస్తే వదిలేయండి. కాలు బ్రేకు మీదే ఉంచి రివర్స్ వెయ్యండి. పట్టుకోవడానికి ఆలస్యమైతే, ఆ గేర్‌బాక్స్ బాగు చేయించడానికి మూడు వేల డాలర్లు దాటడం మామూలే.

ఇప్పుడు ఇంజిన్. 2000కి అటూ ఇటూ వచ్చిన ఫోర్డ్ ట్రైటన్ ఇంజిన్లలో స్పార్క్ ప్లగ్గు పట్టుకునే మరలు తక్కువ. ఒక్కోసారి ప్లగ్గు ఊడి పైకి తన్నుకొస్తుంది, పెద్ద శబ్దంతో. ఉక్కు మర తొడుగు బిగించి బాగు చేస్తారు, హెడ్ విప్పక్కర్లేదు. 2004 నుంచి 2010 దాకా ఫోర్డ్ వాడిన ఆరు లీటర్ల డీజిల్ జోలికి వెళ్ళకపోవడం మేలు. హెడ్ గ్యాస్కెట్లు, ఈజీఆర్ కూలర్ల సమస్యలకి అది పేరుమోసింది. 2002 దాకా వచ్చిన ఎక్స్‌ప్రెస్ 5.7 లీటర్ల ఇంజిన్‌లో ఇన్‌టేక్ గ్యాస్కెట్ కారుతుంది. ఆయిల్ పుల్ల తీసి చూస్తే పాలు కలిపిన కాఫీలా ఉందంటే నీళ్ళు కలిసినట్టే. తర్వాతి ఇంజిన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టులు విరుగుతాయి. పొద్దున్నే టిక్ టిక్ మని, వేడెక్కాక ఆగే శబ్దం దాని గుర్తు.

వ్యాన్లో ఇంజిన్ సగం డాష్‌బోర్డు కిందికి దూరి ఉంటుంది. వెనక ప్లగ్గులు తియ్యాలంటే ముందు సీట్ల మధ్యనున్న మూత విప్పాలి. అందుకే అదే ఇంజిన్ ఉన్న పికప్పు కంటే వ్యాన్‌కి కూలి ఎక్కువ. ఖర్చు అంచనా వేసేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

ట్రాన్సిట్ కొంటుంటే 2017 రీకాల్ గుర్తుంచుకోండి. 2015 నుంచి 2017 మోడళ్ళలో డ్రైవ్ షాఫ్ట్‌ని కలిపే రబ్బరు కప్లింగ్ పగిలే ప్రమాదం ఉందని ఫోర్డ్ వెనక్కి పిలిచింది. ఏ బండికైనా పదిహేడు అక్షరాల విన్ నంబరు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో కొట్టి చూస్తే, పెండింగు రీకాల్ ఉంటే చెప్తుంది. సాధారణంగా ఆ పని డీలర్ దగ్గర ఉచితంగా చేస్తారు.

నా సలహా ఒకటే. చేతిలో ఎనిమిది వేలుంటే అయిదు వేల బండి చూడండి. మిగతా మూడు వేలతో కొన్న వారంలోనే టైర్లు, బ్రేకులు, స్టీరింగు పని చేయించండి. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బండైతే ఇంకా మంచిది. 2012 మోడల్ నుంచి ఈ తరగతి బళ్ళన్నిటికీ అది తప్పనిసరి. నెలకోసారి గాలి చూసి, తేదీ వేసి రాయడానికి ఒక నోటుపుస్తకం బండిలో పెట్టండి. ఆ పని ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి. అందరి బండి అంటే ఎవరిదీ కాని బండి అవుతుంది.

ఎక్కినవాళ్ళందరికీ బెల్టు పెట్టించండి. జనం తక్కువుంటే ముందు సీట్లు నింపండి. సామాను పైకప్పు మీద కట్టకండి. టైరు పేలితే బ్రేకు గట్టిగా నొక్కకుండా, స్టీరింగు నిలకడగా పట్టుకుని మెల్లగా వేగం తగ్గించమని డ్రైవరుకి ముందే చెప్పండి.

చాలా రాష్ట్రాల్లో ఈ వ్యాన్ నడపడానికి మామూలు లైసెన్సు చాలు. అంటే మనల్ని ఆపి అడిగేవాళ్ళు లేరు. వెనక కూర్చున్న పెద్దవాళ్ళకి టైరు తేదీ చదవడం తెలియదు. మనం చూసే ఉంటామని నమ్మి ఎక్కుతారు. కాబట్టి మనమే చూడాలి.